ముత్యాలమ్మ మాట విన్న వకీలు గారు

వంటా వార్పూ ముగించుకుని మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేటప్పుడు చేతిలో ఓ నవల ఉంటే ఆ హాయే వేరు. చదువుతూ చదువుతూ ఒక్కోసారి మనకో అనుమానం వస్తుంది. ఇది రాసినాయన ఎవరో, ఏ ఊరివాడో, ఎలాంటి ఇంట్లో పుట్టాడో, ఈ సంగతులన్నీ ఆయనకెలా తెలిసాయో! కథ మర్చిపోయినా ఈ అనుమానం మాత్రం ఓ పట్టాన వదలదు.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర కాపురం ఉండే నాకు ఆ అనుమానం ఒక రచయిత విషయంలో మరీ ఎక్కువగా వచ్చింది. ఆయన పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఇంటిపేరులో "రా", అసలు పేరులో "వి" కలిపి "రావిశాస్త్రి" అయ్యారు. తెలుగు సాహిత్యం చదివిన వాళ్ళందరికీ ఆ పేరుతోనే తెలుసు.

ఆయన కథల్లో ఆడవాళ్ళు మా గుమ్మంలో బుట్ట దింపే ఆడవాళ్ళలాగే మాట్లాడతారు. అలా ఇలా కాదు, అచ్చం అలాగే. మాటకి మాట తిప్పి కొట్టడం, ఏడవాల్సిన చోట నవ్వడం, నవ్వుతూనే నిజం చెప్పెయ్యడం, అన్నీ వాళ్ళవే. పుస్తకాలున్న ఇంట పుట్టి, యూనివర్సిటీలో చదివి, నల్లకోటు వేసుకుని కోర్టుకి వెళ్ళిన శాస్త్రిగారికి ఈ మాట ఎక్కడ దొరికింది? దానికి జవాబు ఆయన జీవితంలోనే ఉంది. అదే ఈ వారం మీతో చెప్పుకుందామని.

పుట్టిల్లు, చదువు సంధ్యలు

రావిశాస్త్రి గారు 1922 జూలై 30న శ్రీకాకుళంలో పుట్టారు. స్వగ్రామం అనకాపల్లి దగ్గర తుమ్మపాల. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలోది. 2022లో జిల్లాలు విడదీసాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. తండ్రి నారాయణమూర్తి గారు, తల్లి సీతమ్మ గారు. తండ్రి న్యాయవాది. తల్లిగారికి సాహిత్యం అంటే ఇష్టం, చదువుకున్న మనిషి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు పుస్తకం పట్టుకుంటే వింతగా చూసేవారు కదా, అలాంటి కాలంలో అమ్మ చేతిలో పుస్తకం చూస్తూ పెరిగిన పిల్లలు ఎంత అదృష్టవంతులో ఆలోచించండి. తమ్ముడు నరసింహశర్మ గారు వైద్యులయ్యారు, ఆయన కూడా రచయితే. అంటే ఒక్క ఇంట్లోంచి ఒక వకీలు, ఒక డాక్టరు, ఇద్దరూ రచయితలే అన్నమాట!

శాస్త్రిగారు ఆంధ్రా యూనివర్సిటీలో తత్త్వశాస్త్రం చదివి బి.ఏ. ఆనర్సు అయ్యారు. తత్త్వశాస్త్రం అంటే నిజం ఏమిటి, మాయ ఏమిటి, మంచి ఏమిటి అని అడిగే చదువు. ఆ తరవాత మద్రాసు యూనివర్సిటీ నుంచి లా పట్టా తీసుకుని, 1950లో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకున్నారు. తాతగారి దగ్గర వకాల్తాలో మెళకువలు నేర్చుకుని, విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు.

"నిజం ఏమిటి" అన్న ప్రశ్న ఆయన పుస్తకాల్లో చదువుకున్నారు. దానికి జవాబు మాత్రం కోర్టు వరండాలో దొరికింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఊరూ ఆయనా కలిసి పెరిగారు

ఇప్పుడు విశాఖ అంటే పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, షిప్‌యార్డు, బీచ్‌రోడ్డు, ఎత్తయిన అపార్ట్‌మెంట్లూను. ఆయన చిన్నతనంలో ఇవేవీ లేవు. పోర్టు తెరిచింది 1933లో. అప్పటికి శాస్త్రిగారికి పదకొండేళ్ళు. పోర్టు వచ్చిందంటే కూలీలు వస్తారు, కూలీలు వస్తే వాళ్ళకి తిండి పెట్టే హోటళ్ళు, టీ బడ్డీలు, అప్పులిచ్చేవాళ్ళు, తాగుడు అమ్మేవాళ్ళు, పోలీసులు, కాంట్రాక్టర్లు, అందరూ వస్తారు. చుట్టుపక్కల పల్లెల్లో పంట పోయినవాళ్ళూ, అప్పుల పాలైనవాళ్ళూ అందరూ ఈ ఊరి దారి పట్టారు.

1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ విమానాలు విశాఖ మీద బాంబులు వేసాయి. మన తెలుగు గడ్డ మీద యుద్ధం నేరుగా వచ్చి పడిన రోజది. ఊళ్ళో జనం మూటా ముల్లే సర్దుకుని బళ్ళు కట్టుకుని పల్లెలకి పారిపోయారు. యూనివర్సిటీని కూడా కొంతకాలం గుంటూరు తరలించారు. అప్పటికి శాస్త్రిగారికి ఇరవై ఏళ్ళు నిండలేదు. మా పాతబస్తీలో పెద్దవాళ్ళు చాలాకాలం వరకూ "బాంబులేసిన ఏడు" అని దాన్ని గుర్తుగా పెట్టుకునే వాళ్ళు. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరి పెళ్ళెప్పుడైందో ఆ లెక్కతోనే చెప్పేవారు.

1948లో ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన జలఉష ఓడని ప్రధానమంత్రి నెహ్రూ గారు నీళ్ళలోకి దింపారు. ఇలా చిన్న ఊరు చూస్తూ చూస్తూ పెద్ద పట్నం అయిపోయింది. ఊరు పెరిగినప్పుడు ఎవరు పైకి వెళ్ళారు, ఎవరు కింద నలిగారు అన్నది శాస్త్రిగారు దగ్గరుండి చూసారు. ఆయన నవలల్లో విశాఖ అంటే సముద్రం అందం కాదు. ఈ ఊళ్ళో ఎవరి డబ్బు ఎవరి చేతిలోకి ఎలా వెళుతుందో చూపించే లెక్కల పుస్తకం.

సుబ్బయ్య మనకి తెలిసినవాడే

1952లో ఆయన "అల్పజీవి" నవల రాసారు. వయసు ముప్ఫై. ఇంగ్లీషులో జేమ్స్ జాయిస్ అనే ఐర్లండు రచయిత మనిషి మనసులో ఆలోచనలు ఎలా పరిగెడతాయో అలాగే కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటి తెచ్చాడు. దాన్ని తెలుగులో చైతన్య స్రవంతి అంటారు. పేరు చూసి భయపడకండి. మనం పప్పు పొయ్యి మీద పెట్టి, పిల్లాడి ఫీజు గురించి ఆలోచిస్తూ, అందులోంచి అత్తగారన్న మాట గుర్తొచ్చి, అక్కణ్ణించి పుట్టింటికి వెళ్ళి, పప్పు మాడు వాసన వస్తే మళ్ళీ వంటింట్లో పడతామే, అదే చైతన్య స్రవంతి!

అల్పజీవిలో సుబ్బయ్య ఓ గుమాస్తా. అన్నిటికీ భయమే. ఆఫీసులో భయం, వీధిలో భయం, ఇంట్లో భార్య సావిత్రి అంటే జంకు. బావమరిది వెంకట్రావు చెప్పాడని గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకుంటాడు. ఇంక చూడండి, ఆ అప్పు పామై మెడకి చుట్టుకుంటుంది.

ఈ నవలని గొప్పవాళ్ళు గొప్పగా మెచ్చుకున్నారు, తెలుగు నవలకి కొత్త దారి చూపిందన్నారు. నేను చదివింది మాత్రం ఒక ఇల్లాలి కళ్ళతో. నాకు కనిపించింది ఏమిటంటే, భయపడే మగవాడి ఇంట్లో ఆడదాని బతుకు. సావిత్రి మీద మనకి కోపం వస్తుంది, మొగుణ్ణి చులకనగా చూస్తుందని. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే, తనని కాపాడలేనివాడి పక్కన బతకాల్సిన ఆడది గట్టిగా ఉండక ఏం చేస్తుంది అనిపిస్తుంది. శాస్త్రిగారు సుబ్బయ్యని తిట్టలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. పిరికితనం మనిషికి పుట్టుకతో రాదు, బతుకు నేర్పుతుంది అని మనకే తోచేలా రాసారు.

సారా చట్టం, కోర్టు వరండా

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. శాస్త్రిగారు ప్రాక్టీసు మొదలెట్టేనాటికి ఇక్కడ మద్యనిషేధం అమల్లో ఉంది. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవాళ్ళం. 1948 గాంధీ జయంతి నుంచి రాష్ట్రం మొత్తానికీ నిషేధం పెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిగా వచ్చినా చట్టం అలాగే ఉంది. ఈ మద్యనిషేధం గొడవ మీదే 1954లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయిందంటే అప్పట్లో అదెంత పెద్ద విషయమో చూడండి.

చట్టం మంచిదే. తాగుడు మాన్పించాలన్న ఉద్దేశమూ మంచిదే. కానీ జరిగిందేమిటి? తాగేవాళ్ళు తాగుతూనే ఉన్నారు. నాటుసారా చాటుగా కాసారు, చాటుగా అమ్మారు. పెద్ద వ్యాపారం చేసేవాడు మామూళ్ళిచ్చి హాయిగా ఉన్నాడు. కోర్టు మెట్లెక్కింది మాత్రం ఒక కుండో సీసానో దగ్గర పెట్టుకుని అమ్ముకునే పేదవాళ్ళు. వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో! మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుడుండీ సంపాదన లేనివాళ్ళు. వాళ్ళ కేసులు వాదించిన వకీళ్ళలో శాస్త్రిగారు ఒకరు.

ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. కోర్టు వరండాలో నేల మీద కూర్చున్న ఆడమనిషి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. పొద్దున వచ్చింది సాయంత్రం దాకా కూర్చోవాలి. ఆ పూట కూలి పోయింది. లోపల మాట్లాడే ఇంగ్లీషు ఆమెకి అర్థం కాదు. ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు, ఆమెకే తెలీదు. అలాంటి మనిషి పక్కన నిలబడి, "ఏం జరిగిందో చెప్పమ్మా" అని అడగడం వకీలు పని. అందరు వకీళ్ళూ కేసుకి పనికొచ్చేంత వరకే వింటారు. ఈయన మొత్తం విన్నారు. ఆమె ఏం చెప్పిందో విన్నారు, ఎలా చెప్పిందో విన్నారు, చెప్పకుండా మింగేసింది ఏమిటో కూడా పట్టుకున్నారు.

అలా పుట్టినవే "ఆరు సారా కథలు". 1960ల మొదట్లో వచ్చిన ఆ కథలు తెలుగు దేశాన్ని ఒక ఊపు ఊపాయి. వాటిల్లో "మాయ" అనే కథ ఉంది. మూర్తి అని కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర వకీలు. సారా కేసులో పట్టుబడ్డ ముత్యాలమ్మ. వకీలు గారు ఆమెని చట్టం నుంచి కాపాడాలనుకుంటాడు. కానీ కథ చదువుతుంటే తిరగబడిపోతుంది. చట్టం అంటే ఏమిటో, పోలీసంటే ఏమిటో, కోర్టు అంటే ఏమిటో, డబ్బు వీటన్నిటినీ ఎలా ఆడిస్తుందో ముత్యాలమ్మే ఆ కుర్రవాడికి చెబుతుంది. చదువుకున్నవాడు శిష్యుడు, చదువు లేని ఆడది గురువు!

ఇందాక తత్త్వశాస్త్రం మాట గుర్తు పెట్టుకోమన్నానే, ఇక్కడ చూడండి. మాయ అన్న మాట వేదాంతులది. జగత్తు మాయ అని వాళ్ళంటారు. శాస్త్రిగారు ఆ మాటని తీసుకొచ్చి కోర్టు హాల్లో పెట్టారు. పైకి కనబడే న్యాయం మాయ, వెనకాల ఉన్న డబ్బు నిజం అని ముత్యాలమ్మ నోట చెప్పించారు. యూనివర్సిటీలో నేర్చిన చదువుకి వరండాలో అర్థం దొరికిందంటే ఇదే.

అన్నట్టు, ఈ కథల్లో పోలీసుల్నీ ప్లీడర్లనీ మేజిస్ట్రేట్లనీ ఎవర్నీ వదల్లేదు. తను కూడా ఆ కేసుల ఫీజుతోనే ఇల్లు గడుపుకునే వకీలు. తనవాళ్ళ గుట్టు తనే రట్టు చెయ్యాలంటే ఎంత గుండె కావాలి! రేపు పొద్దున మళ్ళీ అదే కోర్టుకి వెళ్ళి అదే మనుషుల మధ్య నిలబడాలి కదా.

యాసకి అచ్చులో చోటు

మా ఉత్తరాంధ్ర మాటకి ఓ శాపం ఉంది. సినిమాల్లో మా మాట వినబడిందంటే అది నవ్వించడానికే. పనిమనిషికో, దొంగకో, తాగుబోతుకో ఈ యాస పెడతారు. "సేప", "సూసినాను", "ఎల్లిపోనాది" అంటే చాలు హాల్లో నవ్వులు. పేరు చెప్పను గానీ మా దగ్గర ఒక స్కూల్లో మా పెద్దపిల్ల రెండో క్లాసులో ఉండగా "ఏటి" అన్నందుకు టీచరమ్మ క్లాసు అందరి ముందూ మూడుసార్లు "ఏమిటి" అనిపించింది. పిల్ల ఇంటికొచ్చి వాళ్ళ నాన్నమ్మతో మాట్లాడ్డం మానేసింది, నాన్నమ్మ మాట అంటుకుంటుందని. మా అత్తగారు పైకి ఏమీ అనలేదు. రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదంతే.

అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న సారా కథల పుస్తకం ఆ రోజుల్లోనే నా చేతిలో పడింది. ఇంటర్మీడియెట్ చదివిన దాన్ని, తెలుగు పుస్తకం అంటే గ్రాంథికమో, పత్రికల భాషో అనుకునేదాన్ని. చూద్దును కదా, అందులో మా వీధి మాట! అక్షరం పొల్లు పోకుండా. పైగా ఆ మాట మాట్లాడే మనిషి కథలో అందరికన్నా తెలివైనది. ఓ సాయంత్రం మా అత్తగారిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆవిడకి చదువు రాదు. కాసేపు విని, "ఈ రాసినాయన మనూరి బాబేనా?" అని అడిగారు. అవునన్నాను. "మరీ ఇంత బాగా ఎలగ ఇన్నాడే" అన్నారు. పండితులు పెద్ద పెద్ద వ్యాసాల్లో చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసారు. ఎలా రాసాడు అని కాదు, ఎలా విన్నాడు అని!

ఆ పక్కన కూర్చుని మా పెద్దపిల్ల కూడా వింటోంది. పుస్తకంలో "ఏటి" అని ఉందా, ఏదీ చూపించు అని వేలు పెట్టి చూసుకుంది. ఆ తరవాత నాన్నమ్మ పక్కన పడుకోవడం మళ్ళీ మొదలెట్టింది.

మన భాష పుస్తకంలో ఉండటం అంటే చిన్న విషయం కాదండీ. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కంలో విజయనగరం మాటని నిలబెట్టారు. ఆ దారిలో శాస్త్రిగారు ఇంకా కిందికి దిగి, జాలరి వీధుల్లో, రిక్షా స్టాండుల్లో, సారా పాకల్లో మాట్లాడే మాటకి అచ్చులో చోటు ఇచ్చారు. అందులోనూ ఆడవాళ్ళ మాటకి. ఈ రోజుకీ మా హార్బరు దగ్గర చేపలమ్మే ఆవిడ, "ఏటమ్మా, రేటడిగి ఎలిపోతన్నావు? సేప కన్ను సూడు, ఇంకా మెరుస్తంది" అంటే, నాకు శాస్త్రిగారి వాక్యం విన్నట్టే ఉంటుంది.

దూబగుంట ఆడవాళ్ళు ఏమంటారు?

మీలో కొందరికి ఇక్కడ ఓ ప్రశ్న వచ్చే ఉంటుంది. సారా అమ్మేదాని మీద అంత జాలి ఎందుకు? ఆ సారా తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తినేది ఇంకో ఆడదే కదా?

న్యాయమైన ప్రశ్న. మన రాష్ట్రంలోనే దానికి జవాబు చెప్పిన ఆడవాళ్ళున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య చదువుకుంటున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడి, సారా పాటల్ని ఆపారు, సారా దుకాణాలు మూయించారు. అది జిల్లాలన్నిటికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. అది 1997లో ఎత్తేసారనుకోండి, అది వేరే కథ.

ముత్యాలమ్మ సారా అమ్మిన మనిషి, రోశమ్మ సారా ఆపిన మనిషి. పైకి ఇద్దరూ ఎదురెదురు పక్షాలు. కానీ ఇద్దరూ చెప్పింది ఒకటే అని నాకనిపిస్తుంది. సారా మీద లాభం తినేవాడు ఎక్కడో మేడలో ఉంటాడు, నష్టం మాత్రం పేద ఆడదాని నెత్తి మీద పడుతుంది. అమ్మితే జైలు, అమ్మకపోతే ఆకలి, ఇంట్లోవాడు తాగితే దెబ్బలు. శాస్త్రిగారి కథలు సారా మంచిదని ఎక్కడా చెప్పవు. పట్టుబడేది ఎవరు, తప్పించుకునేది ఎవరు అని మాత్రమే అడుగుతాయి. ఆ ప్రశ్నకి దూబగుంట ఆడవాళ్ళు కోర్టులో కాదు, వీధిలో నిలబడి జవాబు చెప్పారు.

చిత్రం ఏమిటంటే, సారా నిషేధం వచ్చిన నలభై రోజులకి, 1993 నవంబరు 10న శాస్త్రిగారు కన్నుమూసారు.

రాసినదానికి బాధ్యత

1947 దాకా కాంగ్రెసు వైపు ఉన్న ఆయన, క్రమంగా పేదల పక్షం మాట్లాడే ఎడమ భావాల వైపు వచ్చారు. 1970లో శ్రీశ్రీ గారు అధ్యక్షులుగా విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు మొదట్లో అందులో ఉన్నారు. రాజకీయాల్లో ఆయనతో ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు, ఒప్పుకోనివాళ్ళూ ఉంటారు. ఆ చర్చ మనకొద్దు.

రచయితల గురించి ఆయన చెప్పిన మాట ఒకటి మాత్రం చాలా ప్రసిద్ధం. తను రాసేది ఏ మంచికి చేటు చేస్తుందో, ఏ చెడుకి మేలు చేస్తుందో అని రాసే ప్రతివాడూ ఆలోచించుకోవాలన్నది దాని సారాంశం. ఆలోచిస్తే ఇది మనకి కొత్తది కాదు. పిల్లల ముందు ఒక మాట అనేముందు మనం చూసుకునే జాగ్రత్తే కదా ఇది! రేపు ఆ పిల్లాడు ఈ మాట పట్టుకుని ఎవర్ని బాధ పెడతాడో అని. శాస్త్రిగారు అదే జాగ్రత్త కలానికి పెట్టారు.

"రాజు-మహిషి", "రత్తాలు-రాంబాబు", "గోవులొస్తున్నాయి జాగ్రత్త", ఇలా ఆయన పుస్తకాలు చాలా ఉన్నాయి. "నిజం" అని నాటకం రాసారు. "ఇల్లు" ఆయన చివరి నవల. ఇంటి కోసం మనుషులు ఎంతకి దిగుతారో అందులో చూడొచ్చు. ఇంటి స్థలాల గొడవలు తెలియని కుటుంబం మనలో ఎక్కడుంది చెప్పండి?

ఇప్పటి హార్బరు, ఇప్పటి ముత్యాలమ్మలు

శాస్త్రిగారు సారా కథలు రాసేనాటికి ఇప్పటి ఫిషింగ్ హార్బరు లేదు. అది 1970లలో వచ్చింది. అంతకు ముందు తెప్పలూ పడవలూ ఇసక మీదికే వచ్చేవి. ఇప్పుడు తెల్లారగట్ల వెళ్తే మరబోట్ల వరస, ఐసు లారీలు, వేలంపాటలు, వంజరం, చందువ, రొయ్య గుట్టలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఈ ఆడవాళ్ళు ఎండు చేపలమ్ముతూ, అప్పులు చేస్తూ, నగలు కుదవ పెడుతూ ఇళ్ళు నెట్టుకొస్తారు.

2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరులో నిప్పంటుకుని సుమారు నలభై బోట్లు కాలిపోయాయి. మా డాబా మీంచి చూస్తే ఆకాశం ఎర్రగా ఉంది. తెల్లారాక అక్కడికి వెళ్తే ఆడవాళ్ళు గోడ పక్కన చతికిలబడి ఉన్నారు. బోటు సొంతమైనవాళ్ళకి ఏదో పరిహారం వస్తుంది. బోటు మీద కూలికి వెళ్ళేవాడి భార్యకి, ఆ బోటు చేపలు బుట్టలో పెట్టుకుని వీధి వీధీ తిరిగేదానికి ఏ కాగితం ఉంటుంది? నాకు తెలిసిన ఒకావిడ, "మా నట్టం ఏ కాయితం మీద రాస్తారమ్మా?" అని అడిగింది. ముత్యాలమ్మ అడిగిన ప్రశ్నకి ఇది చెల్లెలి లాంటిది. కాగితం ఉన్నవాడి మాట చెల్లుతుంది, కాగితం లేనిదాని మాట ఎవరు వింటారు?

అందుకే శాస్త్రిగారు పాతబడలేదు. ఆయన శతజయంతి 2022లో అయిపోయింది, కానీ ఆయన మనుషులు ఇంకా మన గుమ్మాల్లోకి వస్తూనే ఉన్నారు. పనిమనిషిగా, కూరగాయలమ్మిగా, చేపలమ్మిగా. మనం వాళ్ళతో రోజూ మాట్లాడతాం. రూపాయి తగ్గించమని మాట్లాడతాం, రేపు పెందరాళే రమ్మని మాట్లాడతాం. వాళ్ళ మాట వినేది ఎప్పుడు?

మొదటిసారి చదివేవారికి

శాస్త్రిగారిని ఎప్పుడూ చదవనివాళ్ళు ముందు "జరీ అంచు తెల్లచీర" కథతో మొదలుపెట్టండి. విశాలాక్షి అని ఒక పేదపిల్ల. చిన్నప్పట్నించీ జరీ అంచు తెల్లచీర కట్టుకోవాలని ఆశ. చీర మీద ఆశ ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదూ! ఆ ఆశ ఏమైందో నేను చెప్పను, మీరే చదువుకోండి. పక్కన చేతిరుమాలు మాత్రం పెట్టుకోండి.

ఆ తరవాత "మాయ". అది పైకి చదవాల్సిన కథ. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి వినిపించండి. ఆ మాట చెవికి తగిలితేనే రుచి.

ఆపైన తీరిక ఉన్నప్పుడు "అల్పజీవి". మొదటి పది పేజీలూ కొంచెం ఓపిక పట్టాలి. ఆలోచన ఒక చోటు నుంచి ఇంకో చోటికి దూకుతుంది. అలవాటయ్యాక ఇంక పుస్తకం కింద పెట్టలేరు. పొయ్యి మీద పాలు పెట్టి మాత్రం చదవకండి!

విశాఖలోనే ఉండి నవలలు రాసిన ఆడవాళ్ళని కూడా చదవాలనుకుంటే ద్వివేదుల విశాలాక్షి గారి "వైకుంఠపాళి" ఉంది. ఆవిడ మధ్యతరగతి ఇళ్ళ లోపలి సంగతులు రాసారు, శాస్త్రిగారు ఆ ఇళ్ళ గుమ్మం బయట నిలబడ్డవాళ్ళ సంగతులు రాసారు. రెండూ కలిపి చదివితే ఊరు పూర్తిగా కనిపిస్తుంది.

పిల్లలకి కూడా ఓ కథ చదివి వినిపించండి. యాస వచ్చిన చోట నవ్వితే, "ఇలా మాట్లాడే ఆవిడే ఈ కథలో అందరికీ బుద్ధి చెప్పింది, చూసావా?" అని ఒక్క మాట చెప్పండి. మన అమ్మమ్మలూ నాన్నమ్మలూ మాట్లాడిన మాట తక్కువది కాదని వాళ్ళకి తెలియడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలిసి ఇంకోటి లేదు.